చేతి జీపీఎస్‌లోకి జియోకాష్ వివరాలు ఎక్కించడం: మొదటిసారి చేసేవాళ్లకు వరుసగా

జియోకాచింగ్ అంటే ఎవరో బయట దాచిపెట్టిన డబ్బాని (జియోకాష్, పొట్టిగా కాష్) జీపీఎస్ అంకెల సాయంతో వెతికే ఆట. ఫోన్ యాప్‌తో నాలుగైదు కాష్‌లు వెతికి, ఆ తర్వాత చేతి జీపీఎస్ కొనుక్కున్నవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఫైలు ఎక్కించాను, మరి కాష్‌లు ఎందుకు కనపడట్లేదు?" ఇంకొందరికి కనపడతాయి గానీ, పేరూ బాణం గుర్తూ తప్ప మరేమీ ఉండదు.

ఈ రెండో ఇబ్బంది నేనూ పడ్డాను. మొదట్లో ఒకసారి పన్నెండు కాష్‌లు ఎక్కించుకుని అడవి దారి పట్టాను. మొదటిదాని దగ్గరికి వెళ్లేసరికి దూరం 4 మీటర్లు అని చూపిస్తోంది. చుట్టూ నాచు పట్టిన బండలు, కూలిన మొద్దులు. హింట్ కోసం నొక్కితే ఖాళీ. డబ్బా అగ్గిపెట్టెంత ఉంటుందో బకెట్టంత ఉంటుందో కూడా తెలియదు. గంటసేపు రాళ్లు ఎత్తి చూసి వెనక్కొచ్చేశాను. నేను ఎక్కించిన ఫైల్లో అసలు ఆ వివరాలే లేవు. బయల్దేరే ముందు ఒక్క కాష్ తెరిచి చూసుంటే ఇంట్లోనే తెలిసిపోయేది.

అందుకే ఎవరు అడిగినా ముందు ఇదే చెబుతాను: ఫైలు కాపీ అయినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. పరికరంలో ఒక కాష్ తెరిచి, వెబ్ పేజీ పక్కన పెట్టి సరిచూసుకున్నాకే అయినట్టు. కింది వరుస అంతా ఆ లెక్కలోనే రాశాను. ఎక్కువమంది చేతుల్లో గార్మిన్ పరికరాలే ఉంటాయి కాబట్టి ఫోల్డర్ల పేర్లు వాటివే ఇచ్చాను.

1. ముందు మీ పరికరం ఏ రకమో తేల్చుకోండి

చేతి జీపీఎస్‌లు ఈ పని విషయంలో రెండు జాతులు.

మొదటిది, కాష్ వివరాలన్నీ మోయగలిగేది. దీన్నే పేపర్‌లెస్ అంటారు. మెయిన్ మెనూలో "జియోకాచింగ్" లేదా "జియోకాషెస్" అని విడిగా ఒక గుర్తు ఉంటుంది. వర్ణన, హింట్, ఇతరులు వెతికి వచ్చాక రాసిన లాగ్‌లు, అన్నీ తెర మీదే చదువుకోవచ్చు. గార్మిన్ ఒరెగాన్, మోంటానా, జీపీఎస్‌మ్యాప్ 62 నుంచి తర్వాత వచ్చినవి, ఈట్రెక్స్ 20, 30 ఈ కోవలోవే.

రెండోది, వేపాయింట్లు (గుర్తుపెట్టుకున్న చోట్లు) మాత్రమే దాచుకునేది. జీపీఎస్‌మ్యాప్ 60సీఎస్ఎక్స్ లాంటి పాతవి. వీటిలోకి ఎక్కేది స్థానం, పేరు, ఒక చిన్న వ్యాఖ్య, అంతే. మీ దగ్గరున్నది ఇదే అయితే 2, 3, 4 భాగాలు చదివి నేరుగా 8కి వెళ్లండి.

బయల్దేరే ముందు దగ్గర పెట్టుకోవలసినవి:

☐ పరికరం, కొత్త లేదా పూర్తిగా ఛార్జయిన బ్యాటరీలు
☐ డేటా కూడా పంపగలిగే యూఎస్‌బీ కేబుల్
☐ కంప్యూటర్
☐ జియోకాచింగ్ సైటు ఖాతా, పాస్‌వర్డ్
☐ పరికరం మాన్యువల్ (తయారీదారు సైటులో దొరుకుతుంది)

కేబుల్ గురించి ఒక మాట. ఫోన్ ఛార్జర్లతో వచ్చే కొన్ని కేబుళ్లలో కరెంటు తీగలు మాత్రమే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. పరికరం వెలుగుతుంది, ఛార్జింగ్ గుర్తు కూడా వస్తుంది, కంప్యూటర్లో మాత్రం ఏమీ రాదు. పరికరం పాడైందని కంగారు పడే ముందు కేబుల్ మార్చి చూడండి.

2. రెండు సెట్టింగులు, ఇప్పుడే

సెటప్‌లోకి వెళ్లి "పొజిషన్ ఫార్మాట్" తెరవండి. అక్కడ రెండు విషయాలు సరిగ్గా ఉండాలి.

☐ ఫార్మాట్: డిగ్రీలు, దశాంశ నిమిషాలు
☐ డేటమ్ (స్థానాలు లెక్కగట్టే ఆధారం): డబ్ల్యూజీఎస్ 84

కాష్ పేజీల్లో స్థానాలు రాసేది ఈ పద్ధతిలోనే. ఫైలు ద్వారా ఎక్కించినప్పుడు ఫార్మాట్ వేరుగా ఉన్నా కాష్ సరైన చోటే కూర్చుంటుంది, ఎందుకంటే ఫైలు లోపల స్థానం ఒకే రకంగా ఉంటుంది. చిక్కు వచ్చేది మీరు చేత్తో అంకెలు కొట్టేటప్పుడు. మల్టీ కాష్‌లో (ఒక మజిలీ నుంచి ఇంకోదానికి దారి చూపే రకం) మొదటి మజిలీ దగ్గర దొరికిన అంకెల్ని అక్కడికక్కడే ఎక్కించాలి కదా, అప్పుడే చెయ్యి జారుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. పేజీలో ఉత్తరం 40° 26.500′ అని ఉంది. అంటే 40 డిగ్రీల ఇరవై ఆరున్నర నిమిషాలు. దీన్ని డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో రాస్తే 40° 26′ 30″ అవుతుంది. దశాంశ డిగ్రీల్లో 40.441667.

పరికరం సెకన్ల ఫార్మాట్లో ఉండగా, మీరు ఆ 500ని 50 సెకన్లనుకుని 26′ 50″ అని కొట్టారనుకోండి. తేడా 20 సెకన్లు. అక్షాంశంలో ఒక నిమిషం దాదాపు 1,852 మీటర్లు కాబట్టి మీరు కాష్‌కి 617 మీటర్ల దూరంలో వెతుకుతుంటారు. అదే దశాంశ డిగ్రీల ఫార్మాట్లో 40.26500 అని కొడితే తప్పు 19 కిలోమీటర్లు దాటిపోతుంది.

పెద్ద తప్పు వెంటనే దొరికిపోతుంది, "ఇంత దూరమేంటి" అని మనకే అనుమానం వస్తుంది. 600 మీటర్ల తప్పే నిజమైన ప్రమాదం. దారి సరైనదే అనిపిస్తుంది, చెట్లూ బండలూ అన్నీ నమ్మేలాగే ఉంటాయి. కొత్తవాళ్ల పరికరం ఎవరిది చేతికొచ్చినా నేను మొదట చూసేది ఈ ఫార్మాటే.

3. ఏ ఫైలు తెచ్చుకోవాలి

మీకు మూడు రకాల పేర్లు ఎదురవుతాయి.

లాక్ ఫైలు: కోడ్, పేరు, స్థానం, ఇంతకు మించి దాదాపు ఏమీ ఉండదు. హింట్ లేదు, వర్ణన లేదు, లాగ్‌లు లేవు. నేను రాళ్లెత్తిన రోజు మోసుకెళ్లింది ఇదే.

జీపీఎక్స్ ఫైలు: మీకు కావలసింది ఇది. వర్ణన, హింట్, డబ్బా పరిమాణం, డిఫికల్టీ (వెతకడం ఎంత కష్టం), టెర్రెయిన్ (దారి ఎంత కష్టం) రేటింగులు, ఇటీవలి లాగ్‌లు ఇందులో ఉంటాయి. సైటులో హింట్ మెలికపెట్టిన అక్షరాల్లో కనపడుతుంది గానీ, పరికరంలో మామూలుగా చదువుకునేలా వస్తుంది.

జీజీజెడ్ ఫైలు: చాలా కాష్‌లను కుదించి పెట్టే గార్మిన్ పద్ధతి. కొన్ని మోడళ్లే చదవగలవు. మొదటిసారికి దీని జోలికి వెళ్లకండి.

జియోకాచింగ్ డాట్ కామ్‌లో ఉచిత ఖాతాతో పాకెట్ క్వెరీలు (మనకు కావలసిన కాష్‌ల జాబితాలు) తయారుచేయడం కుదరదు, అది ప్రీమియం సభ్యులకే. డబ్బు పెట్టే ముందు ఈ పని అలవాటు చేసుకుందాం అనుకుంటే ఓపెన్‌కాచింగ్ సైట్లు ఉన్నాయి. వాటిలో జీపీఎక్స్ ఉచితంగానే దించుకోవచ్చు. కాష్‌ల సంఖ్య దేశాన్ని బట్టి చాలా మారుతుంది. సాధన చేయడానికి మాత్రం నాలుగు కాష్‌లైనా చాలు.

4. పాకెట్ క్వెరీ తయారుచేయడం

పాకెట్ క్వెరీ అంటే "ఈ చోటికి ఇంత దూరంలో, ఇలాంటి కాష్‌లు మాత్రమే ఇవ్వు" అని సైటుకి మనం ఇచ్చే జాబితా. ఒక్కో క్వెరీలో 1,000 కాష్‌ల వరకు వస్తాయి. రోజుకి 10 క్వెరీలు నడపొచ్చు.

కొత్తవాళ్లు చేసే మొదటి పని 1,000 అని పెట్టేయడం. వద్దు. మొదటిసారి 50 చాలు. ఏదైనా తేడా వస్తే ఎక్కడ వచ్చిందో 50లో కనిపెట్టడం సులువు, వెయ్యిలో కష్టం.

వరుస ఇది:

☐ క్వెరీకి గుర్తుపట్టగలిగే పేరు పెట్టండి, చోటు, నెల కలిపి.
☐ ఏ రోజూ నడపొద్దని వదిలేసి, మిగతావి నింపి సేవ్ చేయండి.
☐ కాష్ రకాల్లో మొదట "ట్రెడిషనల్" ఒక్కటే ఎంచుకోండి.
☐ "నేను కనుక్కోనివి", "నావి కానివి", "ప్రస్తుతం నడుస్తున్నవి" ఈ మూడూ టిక్ చేయండి.
☐ డిఫికల్టీ, టెర్రెయిన్ రెండూ 2 దాటకుండా పెట్టండి.
☐ మధ్య బిందువుగా ఒక కాష్ కోడ్ గానీ, కోఆర్డినేట్లు గానీ ఇచ్చి, దూరం నింపండి.
☐ డౌన్‌లోడ్ ఫైలు పేరులో క్వెరీ పేరు చేర్చే ఆప్షన్ టిక్ చేయండి.
☐ ప్రివ్యూ తెరిచి మ్యాప్ మీద చూడండి.
☐ అంతా బాగుంటే అప్పుడు ఈ రోజు గడి టిక్ చేసి నడపండి.

రోజు ఎంచుకోకుండా ముందు సేవ్ చేయమన్నది ఎందుకంటే, తప్పుతో నడిస్తే రోజువారీ పదిలో ఒకటి ఖర్చవుతుంది. ప్రివ్యూకి ఏ ఖర్చూ లేదు. ఇంకో సంగతి, సైటు రోజును లెక్కపెట్టేది సియాటిల్ సమయం ప్రకారం. మీ దగ్గర తెల్లారినా అక్కడ ఇంకా నిన్నే కావచ్చు.

ఫైలు పేరు టిక్ కూడా తేలిగ్గా తీసుకోకండి. అది లేకపోతే ఫైలు ఉత్త అంకెలతో వస్తుంది. మూడు నెలల తర్వాత ఫోల్డర్లో అలాంటివి ఏడు కనిపిస్తే ఏది ఏదో ఎవరికీ గుర్తుండదు.

ట్రెడిషనల్ ఒక్కటే ఎందుకు? దాని స్థానం అంటే డబ్బా ఉన్న స్థానమే. మిస్టరీ కాష్ విషయంలో అలా కాదు. పేజీలో ఉన్న అంకెలు మామూలుగా డబ్బా ఉన్న చోటువి కావు, పజిల్ విప్పితేనే అసలు చోటు తెలుస్తుంది. ఇది తెలియక మిస్టరీ గుర్తు దగ్గరికి వెళ్లి పొదలన్నీ గాలించినవాళ్లు నాకు తెలుసు. పజిల్ విప్పాక, కాష్ పేజీలో స్థానం పక్కనున్న పెన్సిల్ గుర్తు నొక్కి మీ జవాబు రాసి పెట్టండి. ఆ తర్వాత నడిపే క్వెరీలో ఆ సరిచేసిన స్థానమే వస్తుంది.

క్వెరీ నడిచాక డౌన్‌లోడ్ వరుసలో ఒక జిప్ ఫైలు కనపడుతుంది. ఏడు రోజుల తర్వాత సైటు దాన్ని తీసేస్తుంది కాబట్టి వెంటనే దించుకోండి.

5. కాపీ చేయడం

ముందు జిప్‌ని విప్పండి. పరికరం జిప్ చదవలేదు. కాష్‌లు కనపడట్లేదని నాకు రాసినవాళ్లలో చాలామంది జిప్‌ని అలాగే కాపీ చేసినవాళ్లే.

విప్పితే రెండు జీపీఎక్స్ ఫైళ్లు రావచ్చు. ఒకటి కాష్‌లది. రెండోదాని పేరు చివర వేపాయింట్స్‌కి పొట్టి రూపం ఉంటుంది: అందులో బండి ఆపే చోటు, కాలిబాట మొదలయ్యే చోటు, మధ్య మజిలీలు ఉంటాయి. రెండూ కాపీ చేయండి. కాష్ ఎదురుగానే కనపడుతుంది గానీ మధ్యలో వాగు, వంతెన అరమైలు అవతల. అలాంటప్పుడు అక్కరకొచ్చేది ఆ రెండో ఫైలే.

☐ పరికరాన్ని కంప్యూటర్‌కి కలపండి. "మాస్ స్టోరేజ్‌కి వెళ్లాలా" అని అడిగితే అవునని చెప్పండి.
☐ కంప్యూటర్లో కొత్త డ్రైవ్ తెరిచి, గార్మిన్ ఫోల్డర్, దాని లోపల జీపీఎక్స్ ఫోల్డర్ తెరవండి.
☐ రెండు ఫైళ్లూ అక్కడ వేయండి. అదే క్వెరీ పాత ఫైలు ఉంటే తీసేయండి.
☐ ఎజెక్ట్ కొట్టి, కంప్యూటర్ సరేనన్నాకే కేబుల్ తీయండి.
☐ పరికరం ఆపి మళ్లీ వేయండి.

పాత ఫైలు తీసేయమన్నదానికి కారణం ఉంది. మూతపడిన కాష్‌లు కొత్త క్వెరీలో రావు, కానీ పాత ఫైల్లో అలాగే ఉండిపోతాయి. పరికరానికి ఆ సంగతి తెలియదు, లేని డబ్బా వైపు బాణం చూపిస్తూనే ఉంటుంది.

ఎజెక్ట్ చేయకుండా లాగేస్తే ఫైలు సగంలో ఆగి పాడవ్వొచ్చు. ఈ ఒక్క అలవాటుతో సగం ఇబ్బందులు రావు.

మళ్లీ వేసినప్పుడు పరికరం తెరుచుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. కొత్త ఫైళ్లను అప్పుడే చదువుకుంటుంది. పెద్ద ఫైలైతే ఇంకా ఆలస్యం. స్తంభించిందనుకుని బ్యాటరీలు పీకకండి.

6. ఇంట్లోనే సరిచూసుకోవడం

పరికరం చేతిలో, కాష్ పేజీ కంప్యూటర్లో పెట్టుకుని కూర్చోండి. ఐదు నిమిషాల పని.

☐ జియోకాచింగ్ మెనూలో కాష్‌ల జాబితా కనపడుతోందా?
☐ ఒకటి తెరవండి. కోఆర్డినేట్లు ఆఖరి అంకె దాకా పేజీతో కలుస్తున్నాయా?
☐ వర్ణన చివరిదాకా ఉందా, మధ్యలో తెగిందా?
☐ హింట్ తెరుచుకుంటోందా? (పెట్టినవాళ్లు హింట్ రాయకపోతే పేజీలో కూడా ఉండదు.)
☐ లాగ్‌లు ఉన్నాయా?
☐ వేపాయింట్ల జాబితాలో పార్కింగ్ చోట్లు వచ్చాయా?

వర్ణనలో బొమ్మలుంటే అవి జీపీఎక్స్‌లో రావు. బొమ్మలోనే ఆధారం దాచిన కాష్‌లు ఉంటాయి. అలాంటి పేజీని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

లాగ్‌లు చదవడం కొత్తవాళ్లు వదిలేస్తారు, కానీ అవే అన్నిటికన్నా ఎక్కువ చెబుతాయి. పాకెట్ క్వెరీలో ఒక్కో కాష్‌కి ఇటీవలి ఐదు లాగ్‌లు వస్తాయి. ఐదూ "దొరకలేదు" అనే ఉంటే ఆ డబ్బా ఉండకపోయే అవకాశమే ఎక్కువ. మొదటి రోజు దాన్ని పక్కన పెట్టండి.

పరిమాణం కూడా చూసుకోండి. మైక్రో అంటే 100 మిల్లీలీటర్ల లోపు, పాత ఫిల్మ్ రీలు డబ్బా అంత. స్మాల్ అంటే లీటరు లోపు. రెగ్యులర్ అంటే లీటరు నుంచి 20 లీటర్ల వరకు. మొదటిరోజుకి రెగ్యులర్ మంచిది. ఆరుబయట కూడా జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ ఉంటుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. అంత మేరలో మైక్రోని వెతకడం ఓపికను బాగా పరీక్షిస్తుంది.

7. తేడా వస్తే

కంప్యూటర్లో డ్రైవ్ రావట్లేదు: కేబుల్ మార్చండి. యూఎస్‌బీ హబ్ వాడుతుంటే తీసేసి నేరుగా కలపండి. సెటప్‌లో ఇంటర్‌ఫేస్ అనే చోట "గార్మిన్ స్పానర్" అని ఉంటే, కలిపినప్పుడు వచ్చే ప్రశ్నకి అవునని చెప్పకపోతే డ్రైవ్ తెరుచుకోదు. కొన్ని కొత్త మోడళ్లు డ్రైవ్‌లా కాక ఎంటీపీ పద్ధతిలో కలుస్తాయి. విండోస్‌లో మామూలుగానే తెరుచుకుంటాయి, మ్యాక్‌లో అందుకోసం విడిగా ప్రోగ్రామ్ కావాలి.

ఫైలు ఉంది, కాష్‌లు లేవు: జిప్ విప్పారా? సరైన ఫోల్డర్లోనే ఉందా? జియోకాచింగ్ మెనూలో ఫిల్టర్ ఏదైనా పెట్టి ఉందా? ఈ మూడూ బాగుంటే వేపాయింట్ల జాబితా చూడండి. కాష్‌లన్నీ అక్కడ కనపడితే మీరు తెచ్చుకున్నది వివరాలు లేని ఫైలన్నమాట.

కొన్నే వచ్చాయి: పాత మోడళ్లకు కాష్‌ల సంఖ్యలోనూ ఫైళ్ల సంఖ్యలోనూ పరిమితి ఉంటుంది, మాన్యువల్లో రాసి ఉంటుంది. అక్కర్లేని ఫైళ్లు తీసేయండి.

మెమరీ నిండిందంటోంది: మ్యాక్ వాడేవాళ్లు ఇది గమనించాలి. పరికరంలోంచి తీసేసిన ఫైళ్లు నిజానికి పోవు, కనపడని ట్రాష్ ఫోల్డర్‌గా పరికరంలోనే ఉంటాయి. పరికరం కలిపి ఉండగానే ట్రాష్ ఖాళీ చేయండి.

వేసిన ప్రతిసారీ మధ్యలో ఆగిపోతోంది: చివరగా వేసిన ఫైలు పాడై ఉండొచ్చు. కంప్యూటర్‌కి కలిపి దాన్ని తీసేసి, మళ్లీ దించుకుని వేయండి.

8. పాత పరికరాలున్నవాళ్లకు

వేపాయింట్లు మాత్రమే తీసుకునే పరికరంలోకి ఫైలుని లాగి వేయడం కుదరదు. మధ్యలో ఒక ప్రోగ్రామ్ కావాలి: ఈజీజీపీఎస్, జీపీఎస్‌బేబెల్, లేదా జీఎస్ఏకే. మూడింటిలోనూ వరుస ఒకటే. జీపీఎక్స్ తెరవాలి, పరికరాన్ని గుర్తుపట్టించాలి, పంపమని నొక్కాలి.

జీపీఎస్‌మ్యాప్ 60సీఎస్ఎక్స్‌లో 1,000 వేపాయింట్లు పడతాయి. మొదటితరం పసుపు రంగు ఈట్రెక్స్‌లో 500 మాత్రమే, పేరుకి ఆరు అక్షరాలే. కొత్త కాష్ కోడ్‌లు ఆరు దాటిపోయాయి కాబట్టి ముందున్న జీ, సీ అక్షరాలు తీసేసి మిగతావి పంపేలా ప్రోగ్రామ్‌లో పెట్టుకోవాలి. హింట్లు కాగితం మీద రాసుకెళ్లండి.

9. కేబుల్ లేని రోజు

ఒకటి రెండు కాష్‌లకైతే చేత్తో కొట్టడమే త్వరగా అవుతుంది. మార్క్ నొక్కితే మీరున్న చోటు కొత్త వేపాయింట్‌గా వస్తుంది. అందులోని స్థానాన్ని తెరిచి కాష్ అంకెలు కొట్టండి, పేరు మార్చండి, సేవ్ చేయండి. సేవ్ చేశాక ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు తెర మీద సరిచూడండి. ఉత్తరమా దక్షిణమా, తూర్పా పడమరా అన్నది కూడా కలిపి చదవాలి.

కొన్ని కొత్త గార్మిన్ మోడళ్లలో జియోకాచింగ్ లైవ్ ఉంటుంది. మీ ఖాతాతో ఒకసారి నమోదు చేస్తే వైఫై లేదా ఫోన్ ద్వారా కాష్‌లు వాటంతటవే వస్తాయి. అయినా సిగ్నల్ లేని చోటికి వెళ్లేటప్పుడు జీపీఎక్స్ ఫైలు ఎక్కించుకునే వెళ్లమంటాను.

10. తిరిగొచ్చాక

కాష్ దొరికినప్పుడు పరికరంలో "ఫౌండ్" అని నొక్కి ఉంటారు కదా. ఆ వివరం సైటుకి తనంతట తాను వెళ్లదు. గార్మిన్ ఫోల్డర్లో జియోకాష్ విజిట్స్ అనే పేరుతో ఒక టెక్స్ట్ ఫైలు తయారై ఉంటుంది. దాన్ని సైటులో డ్రాఫ్ట్స్ పేజీకి అప్‌లోడ్ చేస్తే, మీరు వెళ్లిన కాష్‌లన్నీ తేదీ వరుసలో వస్తాయి. ఒక్కొక్కటీ తెరిచి నాలుగు మాటలు రాసి పంపొచ్చు. దొరకనివి కూడా పంపండి, మీ తర్వాత వెళ్లేవాళ్ల ఐదు లాగ్‌లలో అదీ ఉంటుంది.

ఫైల్లో సమయం అంతర్జాతీయ ప్రామాణిక సమయం లెక్కలో ఉంటుంది కాబట్టి పొద్దున్నే, అర్ధరాత్రి దొరికినవాటి తేదీ ఒకసారి చూసుకోండి. లాగ్‌లన్నీ పంపడం పూర్తయ్యాక ఆ టెక్స్ట్ ఫైలుని తీసేయండి. లేకపోతే మళ్లీసారి పాతవీ కొత్తవీ కలిసి వస్తాయి.